వదిన పేరున పడ్డ కొంగు

దగ్గరికి జరగండమ్మా, ఇంకాస్త దగ్గరికి. పొయ్యి మీద పాల సంగతి ఎవరో ఒకరు చూసుకుంటారులే. పోయిన వారం ఎక్కడ ఆపాం? కోడుమూరులో పెద్ద ఈరన్న గడప దిగి సావుకారి శ్రీనివాసులు విసవిసా వెళ్లిపోయిన దగ్గర. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోలేదు. తెల్లవారింది. ఇక వినండి.

తెల్లవారేసరికి తనూజ బ్యాగు అటక మీదికి చేరింది.

చేర్చింది అత్త అంజనమ్మ. భుజం నొప్పితో తల దువ్వుకోవడానికే చెయ్యి ఎత్తలేని మనిషి, ముక్కాలి పీట వేసుకుని, పళ్లు బిగించి, కోడలి బ్యాగును పైకి తోసింది. వాకిలి పక్కన కూతురు శివలీల బ్యాగు ఒక్కటే మిగిలింది. చవితి సెలవులకు వదినా ఆడబిడ్డలిద్దరూ కడప యూనివర్సిటీ నుంచి కలిసి వచ్చారు. రేపటి బస్సుకు ఒక్కతే పోతుందని ఆ మిగిలిన బ్యాగే చెబుతోంది.

తనూజ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు.

ఆ ఊరుకోవడమే అంజనమ్మకు మండింది. "ఏమ్మే, నోట్లో ముద్ద పెట్టుకోనుండావా? కడపలో మైకు ముందర గంటలు గంటలు మాట్లాడ్తావంట గదా, ఈడ ఒక్క మాటకు కరువొచ్చిందా?"

"ఏం చెప్పమంటావత్తా?"

"ఏమిటికి పంపితివో చెప్పు! మగ్గం మీదుండే కొంగును ఊరందరికీ చూపిస్తారా ఎవురన్నా? మీ ఎర్రగుంట్లలో లారీలకు గుడ్డ కప్పుకుంటారో ల్యాదో నాకు తెల్దు. ఈడ కొంగు దించి టెంకాయ కొట్టేదాకా పక్కింటోళ్లొచ్చినా దుప్పటి కప్పుతాం. అది కూడా తెల్దా?"

"తెల్సత్తా."

"తెల్సీ చేస్తివా!"

తనూజకు పుట్టింట్లో మగ్గం లేదు. తాత నాడే నేత వదిలేసి, తండ్రి సిమెంటు లారీ పట్టుకున్నాడు. అంజనమ్మ ఎప్పుడు కోపం వచ్చినా ముందుగా తగిలేది ఆ లారీకే.

శివలీల గోడకు ఆనుకుని, ముఖానికి చెంబు అడ్డం పెట్టుకుని నీళ్లు తాగుతోంది.

ఎందుకంటే ఆ కొంగు ఫోటో పంపింది తనూజ కాదు. శివలీల.

డోన్‌లో పెళ్లివారు పట్టుబట్టి గీయించుకున్న కొంగు అది, జొన్న కంకుల కొంగు. తమ పెళ్లికూతురికి తప్ప ఇంకెవరికీ ఉండకూడదని నూలిచ్చి నేయించే సావుకారి దగ్గర మాట తీసుకున్నారు. యూనివర్సిటీలో చేనేత క్లబ్బు పిల్లలు తమ ఇన్‌స్టా పేజీలో ఆ కొంగు పెట్టి, కింద "మా సెక్రటరీ తనూజక్క ఇంటి మగ్గం మీద పుట్టింది" అని రాశారు. ఊళ్లూళ్లూ చూశాయి. వినాయకుడు నీళ్లలో మునిగే లోపలే అవే కంకులు ఎక్కడో మరమగ్గం మీదికెక్కి, డోన్ అంగట్లోనే వేలాడాయి. పెళ్లివారు చీర వద్దన్నారు. సావుకారి వచ్చి, మగ్గానికి తగిలించి కొంగు బొమ్మను నేయించే డిజైను అట్టలు ఊడబెరుక్కుని పోయాడు.

ఇంట్లో ఎవరికీ శివలీల మీద అనుమానమే రాలేదు. గుంత మగ్గం పక్కన ఉయ్యాల కట్టించుకుని పెరిగిన పిల్ల, మగ్గం గుట్టు బయటపెడుతుందా? పైగా కింద రాసి ఉన్న పేరు వదినది.

ఆ పేరే కదా శివలీల కడుపులో మంట.

యూనివర్సిటీలో చేరిన కొత్తలో వేపచెట్ల కింద బల్లలు వేసి, ఒక్కో క్లబ్బు వాళ్లూ పిల్లల్ని కేకేసి పిలిచిన రోజు ఆమె ఇంకా మరిచిపోలేదు. నాటకాల వాళ్లు ముఖాలకు రంగులు పూసుకొచ్చారు. రక్తదానం వాళ్లు బిస్కెట్లు పంచారు. చేనేత క్లబ్బు బల్ల మీద మాత్రం ఒక బొమ్మ మగ్గం పెట్టుకుని కూర్చున్నారు, అదీ తప్పుగా కట్టింది. శివలీలకు నవ్వొచ్చింది, మనసూ పడింది. అక్కడ చేరతానన్నది తనే. ఒంటరిగా పోవడానికి జంకి, వదిన చెయ్యి పట్టి లాక్కుపోయిందీ తనే. "నాకు క్లబ్బులెందుకు లీలా, చదువుకుందాం పా" అని వెనక్కి లాగింది తనూజ.

మొదటి మీటింగులో ఒక్కొక్కరినీ లేచి మాట్లాడమన్నారు. శివలీల లేచింది. అన్ని ముఖాలు తనవైపు తిరగగానే అనుకున్నవన్నీ మరిచిపోయింది. పేరు చెప్పి కూర్చుంది. పక్కనున్న తనూజ లేచింది. పడుగంటే ఏమిటి, పేకంటే ఏమిటి, కోడుమూరు చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని అంచునూ, ఒడలనే చీర నడిమి భాగాన్నీ ఎలా కలుపుతారు, అన్నీ కథలాగా చెప్పింది. హాలంతా చప్పట్లు.

ఆ మాటల్లో ప్రతి ఒక్కటీ పెళ్లయిన కొత్తలో మగ్గం గుంతలో కూర్చోబెట్టి శివలీల నేర్పినవే.

అప్పటి నుంచి హాస్టలు గది తలుపు ఎవరు తట్టినా "తనూజక్క ఉందా?" అనే. క్యాంటీన్లో టీ తాగుతుంటే ఎవరో పక్కవాళ్లకు చూపించేవారు: "ఈయమ్మే తనూజక్క ఆడబిడ్డ." పేరు కూడా పోయింది శివలీలకు.

అందుకే ఆ కొంగు పంపింది. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు నాయన పక్కన కూర్చుని తను నేసిన కంకులు అవి. వేళ్లు వంకర్లు పోయేదాకా నేసింది. క్లబ్బు ప్రెసిడెంటు ఉమామహేశ్‌కు పంపి, "మా ఇంటి మగ్గం మీద నేసింది" అని రాసింది. 'నేను' అన్న మాట రాయడానికి సిగ్గేసింది. అతనికి ఆ ఇల్లంటే తనూజక్క ఇల్లే.

పొగడ్తా వదినకే పోయింది. ఇప్పుడు తిట్లూ వదినకే పోతున్నాయి.

*

కొత్త డిజైను అట్టల కోసం శివలీల నాయన ఈరన్న సావుకారి ఇంటికి పోయాడు. కార్తీకంలో పెళ్లి. ఆ లోపల వేరే కొంగుతో వేరే చీర నేసి ఇవ్వకపోతే ఇక ఆ ఇంటికి నూలు రాదని సావుకారి తెగేసి చెప్పాడు.

"ఊరికే కూచుంటే మగ్గం నడ్చదు. ఒడలన్నా సాగనియ్యండి," అంది అంజనమ్మ.

ఆ చీరకు రెండు జతల చేతులు కావాలి. ఒకరు ఒడలు నేస్తుంటే, పక్కన ఇంకొకరు పేక దారం నడిపే చిన్న నాడెతో అంచు దారాన్ని ఒడలు దారానికి మెలివేసి అందుకోవాలి. ఒకరి ఊపు ఇంకొకరికి సరిపడకపోతే అంచు ముడత పడుతుంది. అలిగినవాళ్లు కూర్చోవలసిన చోటు కాదది. అయినా ఇద్దరూ గుంతలోకి కాళ్లు దించి, భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు.

శివలీల పేక దారాన్ని బిగగొట్టే పలకను టపటపా ఆడించింది.

"మెల్లగ, లీలా. నేనందుకోల్యాకుండా ఉండా."

"నాకు నేర్పుతాండావా వదినా? నీకు నాడె పట్టుకోను నేర్పిందెవురు?"

"నువ్వే."

"కడపలో అట్ల చెప్పినావా ఎప్పుడన్నా?"

"మా అత్తింట్లో నేర్చుకున్న్యా అని చెప్తి."

"అత్తిల్లు! అత్తింటికి పేరుండదా? నేర్పిన మనిషికి పేరుండదా?"

తనూజ నాడె ఆపింది. "చెప్పుంటే బాగుండు. ఆ పొద్దు అందరూ చూస్తాండ్రి, నాకు ఆ మాట తోచలేదు."

"మిగతాయన్నీ తోచినాయే!"

మళ్లీ పలక. శివలీల కావాలని గట్టిగా కొట్టింది. అంచు ముడుచుకుంది. తనూజ గోరుతో దాన్ని సర్దింది.

"లీలా," అంది, తల ఎత్తకుండా. "ఆ ఫోటో నేను పంపలేదు. ఆ క్లబ్బులో ఈ ఇంటోళ్లు ఇద్దరమే ఉండాం."

శివలీల నాడెను మగ్గం మీద పెట్టేసింది.

"నిన్న సావుకారి ఫోను చూపించినప్పుడే తెల్సిపోయింది నాకు."

"మరి ఏమిటికి చెప్పల్యా?"

"చెప్తే మామ నీ చదువు మాన్పిస్తాడు. నన్ను మాన్పిస్తే ఏమిలే, మీ అన్నుండాడు. ఏడాది పోయినంక యాడో ఒక చోట చేర్పిస్తాడు. నీకెవురుండారు చెప్పు?"

మంచి మనసుతో అన్నదో, ఎలా అన్నదో! శివలీల గుండెల్లో మాత్రం సూది దిగినట్లయింది. మీ అన్నుండాడు! చిన్నప్పుడు జాతరలో భుజాన ఎక్కించుకుని తిప్పిన అన్న. ఇప్పుడు డోన్ లారీ ఆఫీసు నుంచి ఫోను చేస్తే మొదట అడిగేది "తనూజ తినిందా" అని.

"నాకెవురూ ల్యాకపోతే నీకెందుకు బాధ?" అంది. "నీ దయ మీద నేను కడపకు పోవల్లనా?"

"దయ అని ఎవురన్న్యారు?"

"అనల్యా, చేస్తాండావు. శానా గొప్పగా చేస్తాండావు. రేపు ఈ సంగతి తెల్సినా అందరూ నిన్నే మెచ్చుకుంటారు. ఆడబిడ్డ కోసం చదువు ఇడ్సిపెట్టిన తనూజ!"

తనూజ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి మింగేసింది. ఆ మింగడం చూసి శివలీలకు ఇంకా ఒళ్లు మండింది. అనరాదా! ఒక్కసారైనా తిట్టరాదా!

ఇంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. ఈరన్న వచ్చాడు, చంకలో కొత్త అట్టల కట్టతో. వెనకనే కొడుకు శివకుమార్, డోన్ బస్సు దిగి నేరుగా వచ్చినట్లున్నాడు, చొక్కా అంతా దుమ్ము.

*

"తనూజ ఇట్ల చేసిందంటే నేను నమ్మను నాయనా," అన్నాడు శివకుమార్, కాళ్లు కూడా కడుక్కోకుండా.

"నమ్మకుంటే ఏమాయ? నిన్నటి నుంచి కాదని ఒక్క మాట అన్లేదు మీ ఆవిడ," అంది అంజనమ్మ.

"దాని మొగం జూడు. ఎవురినో కాస్తాండాది అది."

ఎవరిని అని అతను అనలేదు. కానీ ఒక్క క్షణం చెల్లెలి వైపు చూశాడు. శివలీల తల వంచుకుని పడుగు దారాలు సర్దుతున్నట్లు నటించింది.

"ఆ క్లబ్బు పిల్లోడి నంబరుండాది నా దగ్గర. పోయిన సారి హాస్టలుకు బియ్యం తెచ్చిచ్చినప్పుడు ఇచ్చినాడు. వాన్నే అడుగుదాం," అని శివకుమార్ ఫోను తీశాడు.

"వద్దు," అంది తనూజ. "అయిందేదో అయింది, ఇడ్సిపెట్టు."

"సుమ్మనుండు నువ్వు."

ఫోను మోగుతోంది. అందరికీ వినబడేలా పెట్టాడు. ఈరన్న అట్టల కట్ట గోడకు ఆనించి, తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అంజనమ్మ పొయ్యి తగ్గించి వచ్చింది.

శివలీలకు ఒక విచిత్రం తోచింది. భయం లేదు. ఇప్పుడు తన పేరు ఆ ఫోనులో వినబడుతుంది. ఆ కొంగు నేసింది శివలీల, పంపింది శివలీల. తిట్టనీ, కొట్టనీ, ఇంట్లో ప్రతి ఒక్కరూ తనవైపు తిరిగి చూస్తారు.

"ఏమప్పా ఉమామహేశూ, నేను శివకుమార్‌ని. కోడుమూరు."

"చెప్పన్నా."

"ఆ కంకుల కొంగు ఫోటో నీకెవురు పంపినారప్పా? నిజం చెప్పు, నిన్నేం అనంలే."

అవతల కొంచెం తటపటాయింపు. తర్వాత గొంతు సవరించుకున్న శబ్దం.

"తనూజక్కేన్నా. తనూజక్కే పంపింది."

శివకుమార్ ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

శివలీల గిర్రున తిరిగి వదిన వైపు చూసింది. తనూజ కళ్లు మగ్గం మీదే ఉన్నాయి. పొద్దున వదిన అందరికంటే ముందు లేచి పెరట్లో ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతుంటే, పుట్టింటికి ఫోను చేసుకుంటోందనుకుంది శివలీల. ఉమామహేశ్‌తోనా మాట్లాడింది! ఈ మాట చెప్పమని తనే చెప్పి పెట్టిందా!

"విన్న్యావా?" అంది అంజనమ్మ కొడుకుతో. "విన్న్యావా నాయనా? ఇంకేమన్నా అడగల్లా?"

ఇంకొకరైతే బతికాననుకునేవారు. రేపు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఊపిరి పీల్చుకునేవారు. శివలీల మాత్రం లెక్క వేసుకుంది. మైకు వదినదే. చప్పట్లు ఆమెవే. అన్న ఆమె వాడే. తన వేళ్లతో నేసిన కొంగు ఆమె పేరున పడింది. చివరికి తను చేసిన తప్పు కూడా ఆమెకేనా?

"అబద్ధం!"

ఆ కేకకు ఫోనులో ఉన్న ఉమామహేశే ముందు ఉలిక్కిపడి "హలో, హలో" అన్నాడు.

"అబద్ధం చెప్తాండాడు! ఆ ఫోటో నాది! నేను నేస్తి, నేను తీస్తి, నేను పంపిస్తి! దాంట్లో ఆమెది ఒక్క పోగు ల్యాదు!"

శివకుమార్ ఫోను కట్టేశాడు.

"లీలా..." అంది అంజనమ్మ.

"నిన్ననే ఏమిటికి చెప్పల్యా?" అన్నాడు ఈరన్న. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచని రోజే ఇంట్లో వాళ్లకు ఎక్కువ భయం.

"భయపడ్తి నాయనా."

"ఈ పొద్దు భయం పోయిందా?"

తనతో అరిపించింది ధైర్యం కాదని శివలీలకు తెలుసు.

"వదినను మీ అమ్మ నానా మాటలు అంటాంటే పక్కనే నిలబడి నీళ్లు తాగినావు. ఇప్పుడు ఆమెకు పేరొస్తాదని అర్సినావు. అంతే గదా?"

తండ్రి అంత సూటిగా పట్టుకుంటాడని ఆమె అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ ఓదార్చలేదు. శివకుమార్ చెల్లెలి దగ్గరికి ఒక అడుగు వేసి, మళ్లీ ఆగిపోయాడు.

ఈరన్న కొత్త అట్టల కట్ట విప్పి, ఒక అట్టను వెలుతురుకు పెట్టి చూశాడు.

"కార్తీకానికి ఈ చీర దిగల్ల," అన్నాడు. "మీ అమ్మ భుజం పనికి రాదు. నా పక్కన ఇంకో చెయ్యి గావల్ల. మీ ఇద్దర్లో ఒకరు ఈడుండల్ల, ఒకరు కడపకు పోవల్ల. ఉండే మనిషికి హాజరు పోతాది, పరీక్ష పోతాది, ఈ ఏడాది పోతాది. ఎవురుండల్లో, ఎవురు పోవల్లో నేను చెప్పను."

"నువ్వు చెప్పకుంటే ఎవురు చెప్తారు?" అంది అంజనమ్మ.

"వాళ్లే చెప్తారు. ఆ క్లబ్బులో ఓట్లేసుకుని సెక్రటరీల్ని పెట్టుకున్నోళ్లు గదా. ఈడ కూడా తేల్చుకోనీ."

శివలీల వదిన వైపు చూడలేదు. చూడవలసిన పని లేదు. ఏం జరుగుతుందో తెలుసు. 'లీలే పోనీ మామా' అంటుంది వదిన, ఆ మెత్తటి గొంతుతో. అన్న ముఖం వెలుగుతుంది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. వచ్చే వారం కడపలో జరగబోయే క్లబ్బు సంబరంలో మైకు ఖాళీగా ఉంటుంది, తను ఆ మైకు ముందుకు పోతే, కింద కూర్చున్న వాళ్లందరూ గుసగుసలాడతారు: పాపం, తనూజక్క రాలేదంట.

"నేను పోతా మామా."

శివలీల తల ఎత్తింది.

తనూజే అన్నది. గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని, లేచి నిలబడి అన్నది.

"ఏమంటివి?" అంది అంజనమ్మ.

"నేను పోతా అంటి అత్తా. తప్పు చేసిందని లీలను శిక్షించమని అడగల్యా. నాక్కూడా పోవల్లనుండాది. నిన్నటి నుంచి నా చదువు లీలకు ఇచ్చేస్తాండా, ఇచ్చేస్తాండా అని నన్ను నేను మోసం చేసుకుంటి. లీల ఇందాక తిట్టినప్పుడు తెల్సొచ్చింది."

శివకుమార్ నోరు తెరుచుకుని భార్యను చూస్తున్నాడు.

"నేను నేసిన అంచును రాత్రిపూట మీరు విప్పి మల్లా నేస్తారు మామా. నేను పండుకున్న్యానని అనుకుంటారు, చూస్తాంటా. లీల నేసింది ఎప్పుడూ విప్పరు. నేనెంత నేర్చుకున్న్యా ఈ ఇంట్లో లారీ డ్రైవరు బిడ్డనే. ఆ కడపలో ఒక్క చోట, ఆ మైకు ముందర, నేను నేత మనిషిని. లీలకు రెండూ గావల్లనా? మగ్గమూ దానిదే, మైకూ దానిదేనా?"

ఈరన్న చేతిలో అట్ట మెల్లగా మోకాలి మీదికి దిగింది.

శివలీల మొదటిసారి వదిన ముఖం సరిగా చూసింది. ఆ కళ్లలో కనిపించిన మంట ఆమెకు కొత్తది కాదు. మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని ఏడాదిగా తను మోసింది అదే. తను మగ్గం మీద కూర్చున్నప్పుడల్లా పక్కన ఉండి వదిన కూడా అదే మోసిందని ఇన్నాళ్లూ తెలియదు.

"ఆమె చెప్పేసింది," అన్నాడు ఈరన్న, కూతురితో. "నువ్వేమంటావమ్మే?"

శివలీల పెదవులు కదిలాయి.

అక్కడ ఆపుదాం తల్లీ. ఏమన్నదో వచ్చే వారం చెబుతా, అందాకా మీలో మీరు కొట్టుకోకండి. కానీ ఈ కథను మనసులో పెట్టుకోండి. రేపు బస్సులోనో, నీళ్ల ట్యాంకరు కాడనో ఎవరైనా అడిగితే చెప్పండి. ఫోటో పంపింది శివలీల అని చెప్పి ఊరుకోవద్దు. విప్పిన అంచు సంగతి, తనూజ నిలబడి అన్న మాట, ఆ రెండూ విడవకుండా చెప్పండి. సగం చెబితే ఆ ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.